ఊట మీద తొట్టి

మా మామయ్యగారికి తెలియని నీళ్ళు లేవు. ఆ మాట ఆయనే చెప్పుకుంటారు. చల్లపల్లి దాటాక ముప్పై ఏళ్ళుగా రొయ్యల చెరువులు చేసిన మనిషి. దోసిట్లో నీళ్ళు తీసి వాసన చూసి, రొయ్య ఇవాళ మేత తింటుందో లేదో చెప్పేస్తారు. అలాంటి బాలశౌరిగారు ఇంటి వెనక ఉన్న చిన్న స్విమ్మింగ్ పూల్ దగ్గర బోల్తా పడ్డారు. నేను ఆయన కోడల్ని, పేరు శాలిని. కంకిపాడులో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆ రోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు కాబట్టి, అక్కడక్కడా కాస్త ఘాటుగా చెబితే సర్దుకోండి.

ఆ పూల్ సరదాకి కట్టింది కాదు. మా అత్తయ్య తెరేసమ్మకి రెండు మోకాళ్ళూ ఆపరేషన్ అయ్యాక కాళ్ళు సరిగ్గా స్వాధీనంలోకి రాలేదు. నేల మీద నాలుగడుగులు వేస్తే కూలబడిపోయేది. నీళ్ళలో నడిపించండి, బరువు తెలియదు అన్నాడు విజయవాడ డాక్టరు. కాలవలోకి ఎలాగూ పంపలేం. మామయ్యగారు ఎవర్నీ అడక్కుండా ఆ వారమే మనుషుల్ని పెట్టి పెరట్లో తవ్వించారు. ఛాతీ లోతు, ఒక పక్కన పట్టుకోడానికి స్టీలు కమ్మీ, దిగడానికి వెడల్పాటి మెట్లు, నీలం టైల్సు. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి రిసార్టు అన్నారు. అత్తయ్య మాత్రం దాన్ని తొట్టి అంటుంది. రోజూ మధ్యాహ్నం "తొట్టిలోకి పోయొస్తా" అని పాత చీర కట్టుకుని దిగి, అటూ ఇటూ నడుస్తుంది. మామయ్యగారు గట్టు మీద కుర్చీ వేసుకుని చూస్తూ కూచుంటారు. ఒక్కసారి కూడా దిగలేదు. నాకు చెరువులు చాలు అంటారు.

అత్తయ్యకి ఒకటే కోరిక. ఆపరేషన్ అయినప్పట్నుంచీ గుడిలో సత్ప్రసాదం, అంటే పూజలో పంచే అప్పం, ఫాదర్‌గారే ఆవిడ కూర్చున్న చోటికి తెచ్చి ఇస్తున్నారు. అందరూ వరసలో పీఠం దగ్గరకి వెళ్తుంటే ఆవిడ గోడ పక్కన కూచుని ఎదురుచూడాలి. పోయిన క్రిస్మస్‌కి అదీ లేదు, న్యుమోనియాతో ఆస్పత్రిలో ఉంది. ఈసారి పండగ పూజలో తన కాళ్ళ మీద తను వరసలో నిలబడి వెళ్ళాలని పంతం పట్టింది. నవంబరు వచ్చేసరికి నీళ్ళలో కమ్మీ వదిలేసి నడవసాగింది. బయట కూడా చేతికర్రతో వంటింటి దాకా వస్తోంది. ఇంకొక్క నెల ఇలాగే సాగితే చాలు.

ఆ నెలలోనే చలి వచ్చింది. మన చలి ఏపాటిదో మీకూ తెలుసు. తెల్లారగట్ల మంచు పట్టి బస్సులు లైట్లేసుకుని వస్తాయి, ఆటోవాళ్ళు మంకీ క్యాపులు పెడతారు, పది దాటితే మళ్ళీ ఫ్యాను. ఈమాత్రానికి పూల్‌ని ఏం చెయ్యాలో నేను చదివి పెట్టుకున్నాను. చెయ్యాల్సింది పెద్దగా లేదు. రాత్రిళ్ళు ధాన్యం మీద కప్పే పట్టా ఒకటి పైన కప్పితే పగటి వేడి నిలుస్తుంది. చుట్టుపక్కల కోత మిషన్లు తిరుగుతున్నాయి, ఆ పొట్టూ దుమ్మూ వచ్చి నీళ్ళలో పడకుండా కూడా అదే కాపలా. ఫిల్టరు మోటారు వేసవిలో కన్నా తక్కువ సేపు తిప్పాలి, క్లోరిన్ కాస్త తగ్గించాలి, పాచి పట్టకుండా గోడలు రుద్దాలి. నడక మాత్రం ఎండ నెత్తి మీదకి వచ్చాకే.

మామయ్యగారు ఫోన్లో ఇంకేదో చూశారు. ఏదో మంచు కురిసే దేశంలో ఒకాయన చలికాలానికి పూల్ మూసేస్తున్నాడు. నీళ్ళు తోడి, పైపులు బిగించి, పైన కప్పేసి, ఎండలొచ్చేదాకా దీనికి సెలవు అంటున్నాడు.

"చూశావామ్మా శాలినీ, వాళ్ళూ అదే చేస్తున్నారు," అన్నారు. "చలికి చెరువు ఎండగట్టాలి. పంటకీ పంటకీ మధ్య నేల బీటలు తీస్తేనే రోగాలు పోతాయి. మన తొట్టి కూడా రెండు నెలలు ఎండగట్టి, సున్నం కొట్టి, మళ్ళీ నింపుదాం."

"అక్కడ నీళ్ళు గడ్డకట్టి పైపులు పగులుతాయండీ, అందుకని తోడుకుంటారు. మనకి ఐసు రొయ్యల పెట్టెల్లో తప్ప ఎక్కడుంది మామయ్యగారూ?"

ఆయన నవ్వలేదు. అత్తయ్య అందుకుంది. "పండగ అయ్యేదాకా తొట్టి జోలికి రావద్దండి. తర్వాత మీ ఇష్టం."

"రెండు నెలల్లో కాళ్ళేం అరిగిపోవులే," అన్నారాయన, ఆవిడ వైపు చూడకుండా.

మా ఆయన బెన్నీని అడిగితే, నాన్న చెప్పిందీ నిజమే, అమ్మ చెప్పిందీ నిజమే అని ఊరుకున్నాడు. ఆ ఇంట్లో ఇన్నేళ్ళు పెరిగి అతను నేర్చుకున్నది అదొక్కటే.

డిసెంబరు మొదట్లో ఒక శనివారం పొద్దున్నే అత్తయ్యని చెకప్‌కి విజయవాడ తీసుకెళ్ళాను. డాక్టరు నడిపించి చూసి మెచ్చుకున్నాడు. నీళ్ళలో నడక మాత్రం ఆపొద్దమ్మా, ఇప్పుడాపితే మళ్ళీ మొదటికొస్తుంది అన్నాడు. తిరుగు దారిలో ఆవిడ పండక్కి ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచిస్తోంది. అంచు బరువుగా ఉంటే కాలికి అడ్డం పడుతుందట. అలా మాట్లాడుకుంటూ మా సందులోకి తిరిగేసరికి డీజిలింజను చప్పుడు. చెరువుల దగ్గర ఉండాల్సిన ఇంజను మా పెరట్లో ఉంది. గొట్టంలోంచి తొట్టి నీళ్ళు కొబ్బరి చెట్ల మొదట్లోకి పోతున్నాయి. తొట్టిలో ఇక మడమ లోతు కూడా మిగల్లేదు.

నేను కారు దిగి నోరు తెరిచాను గానీ, మామయ్యగారి మొహం చూసి ఆగిపోయాను. ఆయన గట్టు మీద నిలబడి తొట్టి మధ్యకి చూస్తున్నారు. అక్కడ అడుగంతా జానెడు ఎత్తున పైకి లేచింది, చేట బోర్లించినట్టు. టైల్సు అతుకులు విచ్చుకుని వాటిలోంచి బురద నీళ్ళు బుడబుడమని వస్తున్నాయి. కింద ఎక్కడో కాంక్రీటు పటుక్కుమంది.

"ఊట," అన్నారు మెల్లిగా. "కింద ఊట ఉంది. పైన బరువు నేనే తీసేశాను."

ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. మొన్నటి తుఫాను వానకి పక్క పొలంలో నీళ్ళింకా నిలిచే ఉన్నాయి. ఇలాంటప్పుడు మా దగ్గర గునపం దిగితే నీళ్ళే. మట్టి చెరువు ఎండగడితే ఆ ఊట నేలలోంచి చెమర్చి పైకొస్తుంది, ఎవరికీ నష్టం లేదు. సిమెంటు అడుగు దానికి దారివ్వదు, అందుకని అడుగునే పైకి లేపుతుంది. ముప్పై ఏళ్ళ చెరువుల తెలివే ఆయన్ని ముంచింది. చెరువులంటే తెలియని మనిషైతే అసలు తోడేవాడే కాదు.

"ఒక్క మాట నన్ను అడగాల్సింది కదండీ," అన్నాను.

"అడిగితే వద్దంటావని అడగలేదు."

అత్తయ్య కర్ర ఆనించుకుని కారు దగ్గరే నిలబడిపోయింది. ఆవిడ అరిచి ఉంటే నాకు నయంగా ఉండేది.

"నింపాలి," అన్నారు మామయ్యగారు. "ఉన్న పళాన నింపాలి. లేకపోతే మొత్తం లేచిపోద్ది."

బోరు నీళ్ళయితే మర్నాటికి గానీ నిండదు. ఆయనే ఇంజను ఆపి, గొట్టాలు ఇటుది అటు తిప్పి, ఒక కొస తీసుకెళ్ళి పొలానికి నీళ్ళు పారే బోదెలో వేశారు. డెబ్బై దగ్గర పడుతున్న మనిషి, మోకాలి దాకా బురదలో దిగి, బెన్నీ వస్తే కూడా చెయ్యి వెయ్యనివ్వలేదు. టీ రంగు బోదె నీళ్ళు నాచుతో సహా ఆ నీలం టైల్సు మీద పడుతుంటే నాకు ఏడుపొచ్చింది. పొద్దు వాలేసరికి తొట్టి నిండింది, బుడగలు ఆగాయి. అడుగు ఇక కదల్లేదు, కానీ లేచింది లేచినట్టే ఉండిపోయింది.

తర్వాతి పని నాది. పటిక వేసి బురద అడుక్కి దించాను, దాన్ని తోడించాను, పగలంతా ఫిల్టరు తిప్పాను, క్లోరిన్ వేసి సాయంత్రం కాగానే పట్టా కప్పాను. మామయ్యగారు నేను అడిగిందల్లా అందించారు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆయన అంత మంచిగా ఉంటే నాకు కోపం ఇంకా పెరిగింది. ఆ రోజులన్నీ అత్తయ్య వరండాలోనే నడిచి చూసింది. మొదట వంటింటి దాకా వచ్చేది, తర్వాత గుమ్మం దగ్గరే ఆగిపోయేది. కాళ్ళు బిగుసుకుపోతున్నాయంది. పండగ దగ్గర పడుతోంది, తొట్టిలో నీళ్ళు మాత్రం తేరడం లేదు.

చివరికి నీళ్ళు తేరి తొట్టి అడుగు కనిపించిన మధ్యాహ్నం ఆవిడ పాత చీర కట్టుకుని వచ్చింది. మామయ్యగారు మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డారు.

"ఆగు. టైల్సు విరిగున్నాయి. కాలు తెగుద్ది."

లుంగీ ఎగ్గట్టి ఆయన మొట్టమొదటిసారి ఆ తొట్టిలోకి దిగారు. చెరువు అడుగు చూసినట్టే చూశారు, పాదాలతో. పళ్ళు చలికి కొట్టుకుంటుంటే అంగుళం అంగుళం తొక్కుకుంటూ పోయారు. పదునుగా తగిలిన చోటల్లా మునిగి, ఆ పెంకు ఊడదీసి గట్టు మీద పెట్టారు. మధ్యలో లేచిన గుట్ట చుట్టూ తిరిగారు, దాని మీదకి ఎక్కి దిగారు. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

"ఇంక రావచ్చా?" అంది అత్తయ్య.

"చల్లగా ఉన్నాయి తెరేసూ. వద్దు."

"రోజూ ఇంతే ఉండేవండి. మీరెప్పుడూ దిగలేదు గనక మీకు తెలీదు."

"వద్దంటుంటే." ఆయన నీళ్ళలోంచే మెట్ల వైపు నడిచారు. "పోయినేడు ఇదే నెలలో కాదూ నీకు ఊపిరందకపోయింది? ఆస్పత్రిలో ఆ గాజు తలుపు వేసేసి వాళ్ళు నన్ను బయట కూచోబెట్టారు. నీ కాళ్ళు పోతే నేను మోస్తాను. నువ్వు పోతే నేనేం చెయ్యను? అందుకే తోడేశాను. ఎండగట్టడం లేదు, సున్నం లేదు. నీళ్ళు లేకపోతే దిగవు గదా అని."

ఆయనది మొండితనమని ఇన్నాళ్ళూ లోపల్లోపల తిట్టుకున్నాను. అది భయమని నాకు తట్టనే లేదు.

అత్తయ్య మెట్లు దిగుతూనే ఉంది. నీళ్ళు నడుం దాకా వచ్చాక ఆగింది.

"ఆ గాజు తలుపులోంచి నేనూ మిమ్మల్ని చూశానండి," అంది. "పోయినదాన్ని చూసినట్టు చూస్తున్నారు నన్ను. నేను బతికే ఉన్నా. ఇంటికొచ్చి ఏడాది కావస్తోంది, ఇప్పటికీ అలాగే చూస్తున్నారు. అన్నం పెడుతుంటే అలాగే చూస్తారు, పడుకుంటే అలాగే చూస్తారు. ఇందులో నడుస్తున్నంతసేపే నేనింకా ఉన్నానని నాకనిపించుద్ది."

మామయ్యగారు ఈసారి పక్కకి చూడలేదు. తడిసిన మొహం తుడుచుకుని ఆవిడ వంకే చూశారు.

అత్తయ్య కమ్మీ వదిలి నడిచింది. గుట్ట దగ్గరకి వచ్చేసరికి అడుగు తడబడి పక్కకి ఒరిగింది. ఆయన చెయ్యి ముందుకి వచ్చింది, కానీ పట్టుకోలేదు. ఆ చెయ్యి మళ్ళీ నీళ్ళలోకి దించుకుని, ఆవిడ తనంతట తను నిలదొక్కుకునేదాకా ఆగారు.

"పద," అన్నారు. "నీ వెనకాలే వస్తా."