సరంగు జేబులో చంద్రుడు

నేను ఒక జేబు గడియారాన్ని. పుట్టింది మంచు దేశంలోనే అయినా, నా కథ అక్కడ మొదలైందని నాకెప్పుడూ అనిపించదు. ఒక గుడ్డసంచిలో మొదలైంది. ఆ ఉదయం నూకాలు మొగుడి ప్రయాణానికి సంచి సర్దుతోంది. రెండు లుంగీలు, ఒక గొంగళి, చింతపండు ఉండ, ఎండుమిరపకాయల పొట్లం. అన్నిటికన్నా చివర, పాత చీరముక్కలో చుట్టి నన్ను పెట్టింది. ఆ చీరముక్కకే ఒక సూది గుచ్చింది.

ఆమె మొగుడు పోతురాజు తెరచాప ఓడకి సరంగు. సముద్రం మీద ఓడని నడిపే పెద్ద. నన్ను చూసుకోవడానికని సంచిలో చెయ్యి పెట్టి, "అబ్బా!" అని వెనక్కి లాక్కున్నాడు.

"ఏటే ఇది? సూదా?"

"ఉండనియ్యి మావా. దాంతో పనుంది."

"తెరసాప కుట్టే దబ్బనాలు ఓడ నిండా ఉన్నాయి. పెయానంలో సూదెట్టుకుంటే తగువులొత్తాయని మీ అమ్మే కదా సెప్పింది?"

"మాయమ్మ మాట నువ్వెప్పుడిన్నావులే గానీ, ఆ సూది ఆ వాచీకి..."

ఇంతలో వాకిట్లోంచి కేక వచ్చింది. నూకాలు తమ్ముడు ఎర్రయ్య. బావతోపాటే ఓడ మీద పనిచేస్తాడు.

"బావా! మా అక్కంటే నీకోసం ఆగుద్ది గానీ, పోటు ఆగదు. రా!"

పోతురాజు నవ్వుతూ సూదిని పెళ్ళాం అరచేతిలో పెట్టి, సంచి మూతి బిగించాడు. నాకు చీకటైపోయింది.

ఆ సూది సంగతి మీకు అర్థం కావాలంటే నేను ఎలాంటిదాన్నో చెప్పాలి. నా ముఖంలో, ఆరు అంకె పైన, అర్ధచంద్రాకారంలో చిన్న కిటికీ ఉంది. దాని వెనక నీలం రంగు రేకు. కంటికి భూతద్దం బిగించుకున్న ఒక ముసలాయన ఆ రేకు మీద ఇద్దరు చంద్రుల్ని బంగారు పూతతో దిద్ది, చుట్టూ యాభై తొమ్మిది పళ్ళు కోశాడు. రోజుకి ఒక పన్ను కదులుతుంది. ఒక చంద్రుడు కిటికీలో పెరిగి, నిండి, తరిగి పోయేవరకూ రెండోవాడు వెనక చీకట్లో ఉంటాడు. తరవాత అతని వంతు. ఒకే రేకు మీద పుట్టి, ఒకే ఇరుసు చుట్టూ తిరిగే ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఇంతవరకూ చూసుకోలేదు. ఇద్దరికీ బయటికి దారి లేదు.

ఆకాశంలో అందరికీ కనిపించే చంద్రుణ్ణి మనుషులు ఇత్తడి డబ్బాలో ఎందుకు బంధించారా అని నాకు చాలాకాలం అర్థం కాలేదు. దీపాల్లేని కాలంలో బాటసారికి వెన్నెల ఎన్నాళ్ళుంటుందో తెలియాలట. పండగలు లెక్కగట్టేవాళ్ళకి తిథి తెలియాలట. సముద్రం మీద బతికేవాళ్ళకి పోటు తెలియాలట. అమావాస్యకీ పున్నానికీ నీళ్ళు బాగా పొంగుతాయి, అష్టమికి నీరసిస్తాయి. ఆ అవసరాలు చాలామందికి తీరిపోయాక కూడా మనుషులు నా కిటికీ కేసి చూడటం మానలేదు. గంటెంతయిందని అడిగినవాడు గంట చూసి ఊరుకోడు. చంద్రుణ్ణి చూసి, ఒక్క క్షణం మెత్తబడి, అప్పుడు తిరిగిస్తాడు.

ఒకసారి గాలివానలో ఒక పొగ ఓడ మాలిమిని, ఓడకి దారి చూపే దొరని, పోతురాజు క్షేమంగా ఒడ్డుకి చేర్చాడు. ఆ మాలిమి తన కోటు జేబులోంచి తీసి నన్ను అతని చేతిలో పెట్టాడు. అలా నేను కోరంగి పాయ ఒడ్డున, ఓడలు కట్టే ఊరికి చేరాను. పేటంతా నన్ను చూడటానికి వచ్చింది.

"పైన ఊరికే కనపడేదాన్ని పెట్టెలో ఎట్టి ఇచ్చేడా దొర? రేపు సముద్రాన్ని సీసాలో ఎట్టి ఇత్తాడు కావాల!" అంది నూకాలు.

"నవ్వవే, నవ్వు. మబ్బట్టినప్పుడు మీ సెంద్రుడు ఏడుంటాడో మీకు తెలీదు. నా సెంద్రుడు నా జేబులో ఉంటాడు," అన్నాడు పోతురాజు.

నవ్విన నూకాలే నన్ను ఎక్కువ చూసుకుంది. సముద్రపు ఉప్పుకి పాడవుతానని అతను నన్ను ఇంట్లోనే వదిలి వెళ్ళేవాడు. ఆమె రోజూ పొద్దున్నే కీ ఇచ్చేది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. అమావాస్య నాడు ఏ పనిముట్టూ పని చెయ్యకూడదు. బాడిస, ఉలి, రంపం అన్నీ కడిగి, పసుపు బొట్టు పెట్టి, పీట మీద పడుకోబెడతారు. నూకాలు నన్నూ వాటి పక్కన పెట్టి, నా అద్దానికి ఇంత పసుపు రాసేది. పనిముట్టునే కదా. కాబట్టి ఆ రోజు నాకు కీ లేదు. ఉలికీ రంపానికీ ఆ విశ్రాంతి వల్ల నష్టం లేదు గానీ, నేను ఆగిపోతాను. నాతోపాటు నా చంద్రుడూ ఆగిపోతాడు. నెలకి ఒక రోజు వెనకబడతాడు.

ఆ సంగతి నూకాలు మొదటి నెలలోనే పసిగట్టింది. విదియ నాడు పడమటి దిక్కున నెలవంకని చూసి దణ్ణం పెట్టుకుని, నా కేసి చూసింది. లోపలివాడు ఇంకా మొదలవలేదు. నా అంచున ఉన్న చిన్న గుంటలో సూదిమొనతో నొక్కితే చంద్రుడు ఒక పన్ను ముందుకు జరుగుతాడని తనే కనిపెట్టింది. అప్పట్నుంచీ నెలనెలా అదే పని. మొగుడికి చెప్పలేదు. నా చంద్రుడు ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పాడా అని అతను రేవులో పందాలు కాస్తుంటే, చెప్పడానికి ఆమెకి మనసొప్పలేదు.

ఆ ఏడు మాత్రం మద్రాసు దాకా సుదూర ప్రయాణం, వానల కాలం. నన్ను తీసుకెళ్తానన్నాడు. ఓడలెక్కే చోట, పదిమంది ఎదుట, నూకాలు ఏమీ అనలేకపోయింది. అతను ఓడెక్కే బల్ల మీద అడుగు వేశాక ఆమెకి ధైర్యం వచ్చింది. నోరు తెరిచింది. కానీ బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదు. పిలిస్తే కీడు. ఆ మాటని నోట్లోనే పట్టుకుని, పెదవులు బిగించి, ఓడ మలుపు తిరిగేదాకా నిలబడిందట.

పోతురాజు ఆచారం తప్పే మనిషి కాడు. ఓడ మీద కూడా శ్రావణ అమావాస్యకి నన్ను పడుకోబెట్టాడు. భాద్రపద అమావాస్యకీ పడుకోబెట్టాడు. మర్నాడు రేవులో గంట విని నా ముళ్ళని సరిచేసేవాడు. చంద్రుణ్ణి సరిచెయ్యాలని ఎవరికి తోస్తుంది? నేను జేబులో ఉన్నాక అతను ఆకాశం చూడటమే మానేశాడు.

తిరుగు ప్రయాణంలో ఓడ నిండా ఇనుప సామాను. కోరంగి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట ఉంటుంది. బరువైన ఓడ దాన్ని దాటాలంటే పున్నం పోటయినా కావాలి, అమావాస్య పోటయినా కావాలి. ఆశ్వయుజం. ఆకాశం పగలూ రాత్రీ మూసుకునే ఉంది. మొగ కనిపించేసరికి పోతురాజు నన్ను తీసి చూశాడు. నా కిటికీలో చంద్రుడు నిండుగా ఉన్నాడు.

"సరిగ్గా పున్నం దాటిన పోటుకి వచ్చాం. తోలెయ్!" అన్నాడు.

ఎర్రయ్య కదల్లేదు. "బావా, నాకు అనుమానంగా ఉంది. మబ్బెనకాల ఎలుతురు మొన్నే తగ్గింది. పున్నం ఎల్లిపోయింది. బయటే లంగరేసి అమావాస్య దాకా ఆగుదాం."

"గాలి సూసేవా? బయట రెండు వారాలు ఎవుడుంటాడు? నీ అనుమానం కంటే నా సెంద్రుడు మేలు."

"నీ సెంద్రుడు తగరం రేకు, బావా!"

"మీ అక్క నీకు నోరిచ్చింది గానీ బుద్ధియ్యలేదురా. తోలు!"

నాకు నోరుంటే అరిచేదాన్ని. నా ఇద్దరు చంద్రుల్లో ఒక్కడైనా కిటికీ బద్దలుకొట్టుకుని బయటపడితే బాగుండునని ఆ ఒక్కసారే కోరుకున్నాను. ఓడ మేట మీదికి వెళ్ళింది. అడుగున గరగరమని చప్పుడైంది. నిలిచిపోయింది. పున్నం పోటుకీ ఆ నీళ్ళకీ జానెడు తేడా.

తరవాతి పోటుకి తేలుతుందనుకున్నారు. అది ఇంకా తక్కువ వచ్చింది. ఆ పైది ఇంకా తక్కువ. ఊరి కొబ్బరితలలు కళ్ళకి కనబడుతూనే ఉన్నాయి. ఓడ మాత్రం ముందుకీ రాదు, వెనక్కీ పోదు. ఈశాన్యం గాలి లేచింది. ప్రతి కెరటం ఓడని ఎత్తి ఇసుక మీద కొడుతోంది.

పోతురాజు నన్ను చెవి దగ్గర పెట్టుకున్నాడు. నేను బాగానే కొట్టుకుంటున్నాను. అదే అతనికి అర్థం కాలేదు.

"ఒరే ఎర్రా, దోనె దింపి మనుషులందర్నీ ఎక్కించుకుని ఎల్లు. పడవలు తెచ్చి ఇనుము దింపితే తేలుద్ది. ఇది మీ అక్కకియ్యి. దీనికేటైందో అదే సెప్పుద్ది."

"నువ్వు రా బావా."

"సరంగు ఓడని వదిలొత్తే పేటలో నా మొకం ఎవరు సూత్తారు? ఎల్లు. మల్లీ వత్తావు కదా."

ఎర్రయ్య నన్ను నడుముకి కట్టుకున్నాడు. ఆ దోనెలో అందరూ ఒడ్డు చేరారు. నూకాలు నన్ను తీసుకుని కిటికీ కేసి ఒక్కసారి చూసింది. తిథులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. లోపలివాడు రెండు రోజులు వెనకున్నాడు. అప్పుడు అక్కడే, బురదలో కూలబడింది.

"సెప్పేదాన్నిరా. సెప్పేదాన్ని. ఎనక్కి పిలవకూడదని..." అంది. ఎర్రయ్యకి ఏమీ అర్థం కాలేదు. అక్కని లేపి, పడవల కోసం పరిగెత్తాడు. పడవలు దొరికాయి. గాలి మాత్రం మొగ దాటనివ్వలేదు. తెల్లారి చూస్తే మేట మీద ఓడ లేదు.

నూకాలు ఇప్పుడు ముసలిది. నన్ను ఒక రేకుపెట్టెలో ఉంచింది. రోజూ తీసి కీ ఇస్తుంది, అమావాస్యకీ ఇస్తుంది. పేటవాళ్ళు ఆచారం తప్పావంటే కీ ఇంకో చుట్టు తిప్పుతుంది. ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా వెనకనుంచి గట్టిగా పిలుస్తుంది. గొడుగు ఉందా, మందులు పెట్టుకున్నావా, ఎప్పుడొస్తావు అని అడుగుతుంది. ఎర్రయ్య కోడలు విసుక్కుంటుంది. "ఎళ్ళేటప్పుడు ఆ పిలుపేటత్తా!" అంటుంది. నూకాలు వినదు. ఆ తరవాత పెట్టె మూత పడుతుంది, నేనూ నా ఇద్దరు చంద్రులూ చీకట్లో తిరుగుతూ ఉంటాం.

సరంగు పోతురాజు తిరిగి రాలేదు. మేట మీద ఓడ మాయమైన ఆ రోజు ఆశ్వయుజ బహుళ పంచమి, గురువారం.