ఆటోలో మంత్రం

రెండేండ్ల కింద వానాకాలంల నా ఆటోల్నే ఒకాయన పానం పోయింది. కుల్చారం అవతల ఓ చిన్న ఊరి రైతు. పొలంల పాము కరిచింది పొద్దుగాల. నాకు ఫోన్ వచ్చింది పొద్దు వాలినంక. నడుమల ఒకలు మంత్రమన్నరట, ఒకలు పసరన్నరట, కాలికి తాడు బిగించి కట్టిన్రట. మెదక్ దవఖాన గేటు కనబడంగనే ఎనక సీట్ల ఆయన పెండ్లాం బొబ్బ పెట్టింది. నేను ఎనకకు తిరిగి చూడలే. ధైర్యం సాలలే.

గీ ముచ్చట రెబెకా మేడంకు తెలిసింది. ఆమెది మా చర్చే. డిగ్రీ కాలేజీల జువాలజీ చెప్తది, పిల్లల ఎన్ఎస్ఎస్ పని కూడ ఆమెనే చూసుకుంటది. ఓ ఆదివారం ఆరాధన అయినంక మెట్ల కాడ నన్ను ఆపింది.

"యాకోబన్నా, మా పిల్లలు ఏటా మొక్కలు నాటుతరు, రోడ్లు ఊడుస్తరు, ఫోటోలు దిగుతరు. గీసారి పాముకాటు మీద పని చేపిద్దమనుకుంటున్న. దవఖానోళ్లు సరే అన్నరు. మీ ఆటో యూనియన్ కూడ కలవాలె."

బస్టాండు కాడి ఆటోలోళ్లకు నేనే ప్రెసిడెంటును. కాలేజీ పిల్లలతోటి గిసుంటి పని అయితదా అని మనసుల ఉండె. అయినా ఆ రైతు యాదికొచ్చి, సరే మేడం అన్న.

మొదటిసారి అదే ఊరికి పోయినం. రెండు ఆటోల నిండ పిల్లలు. వాళ్లకు లీడరు మహతి. నిజాంపేట పిల్ల, తండ్రి రాంచందర్‌కు భూములున్నయి, విత్తనాల దుకాణమున్నది. క్లాసుల ఎప్పుడూ ఫస్టే. మాట సురుకు, నడక సురుకు. పంచాయతీ ఆఫీసు ముందట గోడకు తెల్లగుడ్డ కట్టి, లాప్‌టాప్ పెట్టి బొమ్మలు చూపెట్టింది. చెప్పింది మంచిగనే చెప్పింది. ఆఖరుకు మాత్రం, "మంత్రాలన్నీ మూఢనమ్మకాలు. మంత్రగాళ్లు జనాన్ని మోసం చేస్తరు, వాళ్ల కాడికి పోవద్దు" అన్నది.

ఆ ఊర్ల పాము మంత్రమేసే పరశురాం తాత ముందట్నే కూసున్నడు. తువ్వాల భుజాన ఏసుకొని లేసిండు. ఆయన ఎనక ఒక్కొక్కలు అందరు లేసిన్రు. శివమ్మ అని ఒక ముసలామె పోతపోత ఆగి, "మా ఇంట్ల ముగ్గురికి మంత్రమేసిండు పిల్లా ఆయన. ఒక్కనాడు పైస ముట్టలే. ఆయన మోసగాడా?" అని అడిగి పోయింది.

తిరిగొచ్చేటప్పుడు మహతి నా ఆటోల్నే ఎక్కింది. మొకం బయటకు పెట్టి కూసున్నది. కండ్లు తుడుసుకునుడు అద్దంల కనబడుతున్నది. పక్కన కూసున్న మేడం తిట్టలే, బుజ్జగించలే.

"వాళ్లెందుకు లేసి పోయిన్రు?" అని మాత్రం అడిగింది.

"తెల్వదు మేడం. నేను చెప్పింది నిజమే గదా."

"నిజమే. మరి ఎందుకు పోయిన్రు? అది తెలుసుకున్నంకనే మళ్ల మైకు పట్టుకో."

వేరే పిల్లయితే ఎన్ఎస్ఎస్ ఒదిలేసేది. రెండు వారాలు పోయినంక ఓ పగటిపూట మహతి ఒక్కతే స్టాండుకొచ్చింది. "యాకోబన్నా, పరశురాం తాత ఇంటికి తోల్కపోతవా?" అని అడిగింది.

పోయేసరికి ముసలాయన వాకిట్ల నులక మంచం అల్లుతుండు. మమ్మల్ని చూసి తల దించుకొని తన పని తాను చేసుకుంటుండు. కూసోమని అనలే. మహతి నేల మీదనే కూసున్నది.

"తాతా, ఆ దినం నలుగుర్ల నేను తప్పు మాట్లాడిన. మోసమన్న మాట అనొద్దుండె. మన్నించు."

ఆయన నులక గుంజుడు ఆపలే. పిల్ల కూడ లేవలే. ఊకె కూసోక నులక చివర పట్టుకొని అందిచ్చుడు షురూ చేసింది. ఓ నాలుగు వరసలు అల్లినంక ఆయనే నోరు తెరిసిండు.

"మా నాయిన నేర్పిండు బిడ్డా. కరిచినోడు భయానికి వణుకుతడు. నేను చెయ్యి పెట్టి సదువుతుంటే నిమ్మలపడుతడు. ఇసం లేని పాము కరిస్తే బతుకుతడు, ఇసముంటే..." అని ఆగిండు. "బతికినోళ్ల ముచ్చట ఊరంత చెప్పుకుంటది. సచ్చినోళ్లు నాకొక్కనికే యాదికుంటరు. పోయినేడు ఆ రైతు... నా చేతుల్నే సల్లబడుడు మొదలువెట్టిండు."

మహతి నులక చివర చేతికి చుట్టుకున్నది. ఆ తర్వాత అడిగింది, "తాతా, మంత్రం గీ ఇంట్లనే సదవాల్నా?"

"ఏడనైనా సదవొచ్చు."

"ఆటోల సదవొచ్చా?"

ముసలాయన తలెత్తి నన్ను చూసిండు, నా ఆటోను చూసిండు. పండ్లు లేని నోరు తెరిసి నవ్విండు. "ఆటోల సదవొద్దని మా నాయినైతే చెప్పలే."

అగో, గక్కడ పడ్డది ముడి. ఎవలికి పాము కరిచినా ముందు తాతకే కబురు పోతది. తాత ముందు ఆటోకు ఫోన్ చేయాలె. తాత కూడ ఆటో ఎక్కాలె, దవఖాన గేటు దాంక మంత్రం సదువుకుంట రావాలె. గంతే. ఇది ఏ పుస్తకంల చూసి చెప్పింది కాదు. ముసలాయన మనసుల ఏమున్నదో తెలుసుకొని, ఆ పిల్ల తన బుర్రతోటి తీసిన ఉపాయం.

మా యూనియన్‌ల మస్తు లొల్లయింది. "పేషంటు దార్ల పోతే పోలీసులు మమ్మల్ని పట్టుకుంటే?" అని విక్టర్ లేసిండు. మహతి ఈసారి లాప్‌టాప్ తేలే. దవఖానల పనిచేసే కమలమ్మ సిస్టర్‌ను ఎంటబెట్టుకొని వచ్చింది. విక్టర్ మాట మొత్తం విన్నది. "నీ భయం సరైందే అన్నా, నాక్కూడ జవాబు తెల్వదు, అందుకే సిస్టర్‌ను తెచ్చిన" అన్నది. దవఖానకు తెచ్చినోళ్లను ఎవలు పరేషాన్ చేయరని కమలమ్మ సిస్టర్ నిమ్మలంగ చెప్పింది. ఆమె విక్టర్ అమ్మకు కాన్పు చేసిన మనిషి, ఆమె మాట వాడు కాదనలే. కిరాయి మాట మొదలు మాట్లాడొద్దు, దగ్గర్ల ఎవలుంటే వాళ్లు పోవాలె అని ఒప్పుకున్నం.

అనూప్ అనే పిలగాడు బొమ్మలు మంచిగేస్తడు. క్లాసుల నోరే తెర్వని పిలగాడట. వాడు ఊరి గోడ మీద మా ఫోన్ నంబర్లు, తాడు ఎందుకు బిగించొద్దు, చెయ్యి కదలకుండ కట్టెకు ఎట్ల కట్టాలె, గాజులు ఉంగరాలు ఎందుకు తియ్యాలె, అన్నీ రంగులల్ల గీసిండు. ఆడోళ్లు చుట్టూ చేరి అడుగుతుంటే వాడే చెప్పుడు పెట్టిండు. రెబెకా మేడం దూరంకెల్లి చూసి, "వీడు గింత మాట్లాడుతడని నాకే తెల్వదు" అన్నది.

నాట్లప్పుడు వచ్చింది అసలు పరీక్ష.

శివమ్మ కోడలు సువర్ణ నారు పీకుతుంటే రక్తపింజర చేతి మీద కాటేసింది. నేను కుల్చారంల కిరాయి దించి చాయ్ తాగుతున్న. ఫోన్ మోగింది. "యాకోబూ, నేను పరశురాంను. జల్ది రా" అన్నడు తాత. చాయ్ గిలాస ఆడ్నే పెట్టి ఉరికిన.

పోయేసరికి పొలం గట్టు మీద మంది. సువర్ణ చెయ్యి ఉబ్బుతున్నది. శివమ్మ చీర కొంగు చింపి జబ్బకు బిగించి కడుతున్నది. "ఇప్పు!" అని పరశురాం గద్దించిండు. ఇప్పింది. గాజులు తియ్యిమన్నడు. "ముత్తైదువ చేతి గాజులు తియ్యిమంటవా?" అని శివమ్మ ఏడ్చింది. "నీ కోడలు బతకాల్నా వద్దా? తియ్యకుంటే నా మంత్రం పారది" అన్నడు. ఆ ఒక్క మాటకు సువర్ణే తన రెండో చేతితోటి గాజులు పలగ్గొట్టుకున్నది. చెయ్యికి కట్టె కట్టి ఆటోల కూసోబెట్టినం, తాత, శివమ్మ పక్కన ఎక్కిన్రు.

దారి పొడుగూత తాత మంత్రం సదువుతనే ఉన్నడు. తాత ఫోన్ రాంగనే నేను మహతికి కూడ చెప్పిన, ఇప్పుడామె ఫోన్ల స్పీకర్ మీద ఉన్నది. "అక్కా, నేను గేటు కాడ్నే ఉంటా. డాక్టర్‌కు చెప్పిన, మందు తయారున్నది. చెయ్యి కదపకు. తాత ఉన్నడు, నేనున్న." ఒక పక్క మంత్రం, ఒక పక్క ఆ పిల్ల గొంతు. నడుమల సువర్ణ కండ్లు మూసుకొని కూసున్నది, వణుకుడు జర తగ్గింది.

గేటు కాడ స్ట్రెచరు పట్టుకొని మహతి, అనూప్ నిలబడ్డరు. ఏ పాము, ఎప్పుడు కరిచింది అని డాక్టరమ్మ అడిగింది. పరశురాం చెప్పిండు. ఆమె ఆయన మాట పూర్తిగ విని, లోపటికి తీస్కపోయింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. పగలంత ఏ సంగతి తెల్వలే. శివమ్మకు భయం కోపమై మహతి మీద పడ్డది. "నీ మాట విని తెచ్చినం. నా కోడలికి ఏమన్నయితే నిన్ను ఒదల" అని అందరి ముందట అరిచింది. మొదట్ల మహతి అయితే ఎదురు చెప్పేదే. ఇప్పుడు మాత్రం పోయి ఆమె పక్కన నేల మీద కూసున్నది. నీళ్లిచ్చింది. తాగలే. మళ్ల ఇచ్చింది. "అవ్వా, నాక్కూడ భయమైతున్నది" అన్నది. అప్పుడు ముసలామె నీళ్లు తాగింది. ఆ పిల్ల భుజం మీద తలపెట్టి కూసున్నది.

పొద్దుగూకె యాళ్లకు డాక్టరమ్మ బయటకొచ్చింది. ఇసానికి ఆగిపోయిన రక్తం గడ్డకట్టుడు మళ్ల మొదలైందట, గండం గడిసిందట, ఇంక కొన్ని రోజులు ఉంచుకోవాలెనట. జల్ది తెచ్చుడే ఆమెను కాపాడిందన్నది. శివమ్మ మహతి రెండు చేతులు పట్టుకొని కండ్లకు అద్దుకున్నది. "వద్దవ్వా, తాతకు మొక్కు" అని ఆ పిల్ల చేతులు ఇడిపిచ్చుకున్నది. పరశురాం గోడకు ఒరిగి కూసొని తువ్వాలతోటి మొకం కప్పుకున్నడు. ఆయన భుజాలు కదులుతుండె.

సువర్ణ వేలు ఒకటి జర వంగిపోయింది గని, ఈ ఏడు మళ్ల నాటుకు పోయింది.

ఇప్పుడు నిజాంపేట దిక్కు ఊర్లోళ్లు కూడ పిలుస్తున్నరు. పోయిన శనివారం మహతిని, పరశురాం తాతను ఎక్కించుకొని అక్కడి మంత్రగాళ్ల కాడికి బయలెల్లిన. ముందు ఎవలు మాట్లాడాలె అని ఇద్దరూ దారంత కొట్లాట. "నువ్వే చెప్పు తాతా, నీ మాటైతే వింటరు" అని ఆ పిల్ల. "ఇసం రక్తంల ఎట్ల పోతదో నువ్వే మంచిగ చెప్తవ్ బిడ్డా" అని ఈయన. నేను గేరు తగ్గించి, వాళ్ల ముచ్చట వినుకుంట సల్లగ పోనిచ్చిన.