ఇరవై రోజుల టైంటేబుల్

రిటైరై రెండు నెలలు తిరక్కుండానే అత్తయ్యకి ఇంట్లో పనులన్నీ అయిపోయాయి. ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పడం ఒక ఎత్తు, ఏటా బడి మొత్తానికీ టైంటేబుల్ వేయడం ఒక ఎత్తు. ఇరవై నాలుగు సెక్షన్లు, ఒకే ఒక్క ల్యాబు, మధ్యాహ్నం క్లాసంటే మొహం చిట్లించే మాస్టార్లు. వీళ్ళందరినీ ఒకరికొకరు తగలకుండా సర్దిన మనిషికి బీరువాలో చీరలు సర్దుకోవడం ఎన్నాళ్ళు సరిపోతుంది? అప్పటికే మూడుసార్లు సర్దింది.

అందుకే ఆ ఉదయం మేనకోడలు మొహం వేలాడేసుకుని వచ్చి కుర్చీలో కూలబడితే, నిజం చెప్పొద్దూ, ఆవిడకి ముందు సంతోషమే వేసింది. జాలి ఆ తర్వాత.

మేనకోడలు ఎనిమిదేళ్ళు వాళ్ళ దగ్గరా వీళ్ళ దగ్గరా అసిస్టెంటుగా చేసి, ఇన్నాళ్ళకి తన సొంత సినిమా దాకా వచ్చింది. కథ సిద్ధం, నటులు సిద్ధం. నిర్మాత పెట్టిన షరతు ఒక్కటే: షూటింగ్ ఇరవై రోజుల్లో అయిపోవాలి. ప్రొడక్షన్ మేనేజరు ఎటు తిప్పి వేసినా ఇరవై ఎనిమిది వస్తోంది.

"రేపు పదకొండింటికి మీటింగత్తా. ఇరవైకి దించకపోతే సినిమా లేదట."

"లేదంటే?"

"లేదంటే లేదంతే. మళ్ళీ ఎవరి వెనకాలో క్లాప్ కొట్టుకుంటూ తిరగాలి."

ఆ మాట అంటూ పిల్ల మేనేజరు ఇచ్చిన కాగితాల్ని ఒళ్ళో నలిపేసింది. అత్తయ్య చూడలేకపోయింది.

"ఆ కాగితాలిలా ఇయ్యి. స్క్రిప్టు కూడా."

"స్క్రిప్టెందుకు? ఏ సీన్లో ఎవరుంటారో ఆ పట్టికలో ఉందిగా."

"గైడు చూసి పాఠం చెప్పే అలవాటు నాకు లేదమ్మా."

ఎర్ర పెన్ను పట్టుకుని పరీక్ష పేపరు దిద్దినట్టు స్క్రిప్టంతా చదివింది. మధ్యలో ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మనిషి లేకుండా గొంతొక్కటే తర్వాత పట్టుకోవచ్చా?"

"పట్టుకోవచ్చు, డబ్బింగులో," అంది మేనకోడలు పరధ్యానంగా. పాపం, అది అప్పటికి కాలుగాలిన పిల్లిలా గది చుట్టూ తిరుగుతోంది.

చిక్కులు మూడు. కథ సగం జరిగే ప్రింటింగ్ ప్రెస్సు ఆదివారాలే దొరుకుతుంది, మిగతా రోజులు అక్కడ మిషన్లు తిరుగుతాయి. నాయనమ్మ వేషం వేసే పెద్ద నటి ఐదు రోజులే, అదీ మధ్యాహ్నం ఒంటిగంట వరకే వస్తుంది. హీరోకి కథ మొదట్లో గడ్డం, చివర్లో నున్నటి మొహం; గీశాక అంత గడ్డం రెండు వారాల్లో మొలవదు, అతికించిన గడ్డానికి మేనకోడలు ఆరునూరైనా ఒప్పుకోదు.

అత్తయ్య సీనుకో చీటీ చొప్పున అరవై రెండు చీటీలు కత్తిరించింది. చీటీలు ఎగిరిపోకుండా ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ చార్టు మీద వంగింది. ఆవిడ పద్ధతి ఒక్కటే: మొండివాళ్ళని ముందు కూర్చోబెట్టాలి, బుద్ధిమంతులు ఎక్కడైనా సర్దుకుంటారు. షూటింగ్ ఆదివారం మొదలుపెడితే ఇరవై రోజుల్లో మూడు ఆదివారాలు వస్తాయి. మేనేజరు సోమవారం మొదలుపెట్టి మూడో ఆదివారాన్ని చేజేతులా పోగొట్టుకున్నాడు. ప్రెస్సుని ఆ మూడింట్లో పెట్టింది, పెద్ద నటి ఐదు పూటల్నీ పెట్టింది, పదకొండో రోజు సాయంత్రం హీరో గడ్డం గీయించేసింది. పొద్దు వాలేసరికి చార్టు నిండింది. ఇరవై గళ్ళు, చేతిలో ఒక్క చీటీ కూడా మిగల్లేదు.

మర్నాడు నిర్మాత ఆఫీసులో ఆ చార్టు చూసి మేనేజరు నవ్వాడు. నలభై సినిమాలు నడిపిన మనిషి.

"టీచరుగారే షెడ్యూళ్ళు వేసేస్తే ఇక మేం వెళ్ళి బళ్ళో గంట కొట్టుకోవాలండీ," అన్నాడు. అన్నాడే గానీ చార్టుని గడి గడీ గాలించాడు. పదిహేనో గడి దగ్గర వేలు ఆగింది.

"ఇదిగో. నలభై ఒకటో సీను, ప్రెస్సు. ఇందులో హీరోకి గడ్డం ఉండాలి. మీరు నాలుగు రోజుల ముందే గీయించేశారు!"

నిర్మాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మేనకోడలు కుర్చీ అంచుకి జరిగింది.

"నలభై ఒకటిలో ఆ అబ్బాయి లేడండీ," అంది అత్తయ్య.

"లేకపోవడమేంటి? రెండు డైలాగులున్నాయి!"

"ఉన్నాయి. తలుపు అవతల్నుంచి."

మేనకోడలు స్క్రిప్టు లాక్కుని ఆ పేజీ తీసింది. కిందటి నెల తనే మార్చింది. హీరోని తలుపు అవతలికి పంపి, గొంతు మాత్రం ఉంచింది. మార్చిన సంగతి తనే మర్చిపోయింది.

"మీరు మాట వినిపించిన ప్రతివాడికీ హాజరు వేసేశారండీ," అంది అత్తయ్య, మేనేజరు మీద కోపమేమీ లేకుండా. "నా క్లాసులో ఒక్కొక్కడు ఇద్దరికి 'ప్రెజెంట్' పలికేవాడు. తలెత్తి చూడకుండా ముప్పై ఏళ్ళలో ఒక్క హాజరూ వేయలేదు. ఇలాంటివి మీ పట్టికలో ఆరున్నాయి. ఆ ఆరు హాజర్లూ కొట్టేస్తే, మీ ఇరవై ఎనిమిది రోజుల్లో ఉన్న నాలుగో ఆదివారంతో పని లేదు."

నిర్మాత ఆరు సీన్లూ తనే చదివాడు. ఒక్కో సీనూ అవుతుంటే మేనేజరు తన పట్టికలో ఒక్కో హాజరూ కొట్టేస్తూ వచ్చాడు.

"వచ్చే ఆదివారమే మొదలెట్టండి," అన్నాడు నిర్మాత.

మేనకోడలు అందరి ముందూ అత్తయ్యని వాటేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తయ్యకీ కళ్ళు నిండాయి. ఈ రెండు నెలల్లో అంత గర్వం ఆవిడకి ఎప్పుడూ కలగలేదు. ఆ మాటకొస్తే ముప్పై ఏళ్ళలోనూ కలగలేదు.

మెట్లు దిగుతుంటే మేనేజరు వెనకాలే వచ్చాడు. చుట్టిన చార్టు రెండు చేతులా పట్టుకున్నాడు, నలిగిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా.

"మేడమ్, ఇరవై రోజులూ మీరు రావాలి. ఎవరో ఒకరు రానంటారు, వాన పడుతుంది. ఇది మళ్ళీ సర్దడం నా వల్ల కాదు."

"వస్తాను."

"మొదటి రోజు అందర్నీ ఎన్నింటికి రమ్మంటారు?"

"ఆరింటికి," అంది అత్తయ్య. "ఆరూ ఐదుకి వస్తే గుమ్మం బయటే నిలబెడతాను. హీరో అయినా సరే."