మోచేతి మీద చామంతి

వెంకటనర్సయ్యకు కోపం ముక్కు మీద ఉంటుందని ఆబిడ్స్‌లో ఆయన పనిచేసే ఆఫీసంతటికీ తెలుసు. ఆ కోపమే భార్య ప్రభావతిని పుట్టింటికి పంపింది. కారణం చెబితే నవ్వుతారు. మోచేతి మీద ఒక పువ్వు.

అవి యుద్ధం రోజులు, కొత్త బట్ట దొరకడమే గగనం. ఉన్న ఒక్క నల్ల షేర్వాణీకి కుడి మోచేతి దగ్గర రూపాయి బిళ్ళంత బొక్క పడింది. కనిపించకుండా రఫూ చేద్దామంటే గుడ్డలో బలం లేదు. అందుకని ప్రభావతి దాని మీద పసుపు దారంతో చామంతి పువ్వు కుట్టింది. తోటి గుమాస్తా శ్యామ్‌సుందర్ అది చూసి, "పెండ్లికొడుకు వచ్చిండు," అన్నాడు. వెంకటనర్సయ్య ఇంటికొచ్చి ఆ పువ్వును కత్తెరతో పీకేసి, చేతకానిదానివని ఇరుగుపొరుగు వినేలా భార్యను తిట్టాడు.

ఆమె ఏడవలేదు. "అయితే మీరే కుట్టుండ్రి. గట్లాంటి పువ్వే కుట్టి ఒక్క దినం ఆఫీసుకు తొడుక్కపోండ్రి. అప్పుడు నన్ను తీస్కపోనీకి రాండ్రి," అని ఉస్మాన్‌గంజ్‌లోని పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఇదెంత, ఒక్క పూట పని అనుకున్నాడు. సూది గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుని మూడు రోజులు గడిపాక, నాంపల్లి స్టేషన్ ఎదుట బొంతలు కుట్టే సమ్మక్క దగ్గరకు వెళ్ళక తప్పలేదు.

"ముందుగాల పువ్వు గాదు బిడ్డా," అంది సమ్మక్క. "బొక్కకు అడ్డం, నిలువు దారాలేసి తడక అల్లాలె. పువ్వు దాని మీద."

వినడానికి ఎంత బాగుందో! సూది ఒక దారం కిందినుంచీ, ఒక దారం పైనుంచీ పోవాలి. ఆయన సూది రెండు దారాల పైనుంచి పోయేది. బిగించి లాగితే బట్ట ముడుచుకుపోయేది, వదిలేస్తే దారాలు వేలాడేవి. సమ్మక్క దయాదాక్షిణ్యం లేకుండా అంతా విప్పేసేది.

"జర మెల్లగ గుంజు! బాయిల బొక్కెన గుంజుతున్నవా ఏంది?"

పగలేమో బొక్క కనబడకుండా మోచెయ్యి ఒంటికి అంటించుకుని ఆఫీసు, సాయంత్రం సమ్మక్క తిట్లు. ఎనిమిదో రోజున, "నాతోని కాదు అవ్వా!" అని షేర్వాణీ నేలకేసి కొట్టాడు. "కాకపోతే పో," అంది ఆమె, తలెత్తకుండా. పోతే ఇంట్లో ఎవరున్నారు? ప్రభావతి లేని ఇల్లు ఆయనకు అస్సలు బాగాలేదు. ఆ మాట పైకి అనడానికి మాత్రం నామోషీ. షేర్వాణీ దులుపుకుని మళ్ళీ కూర్చున్నాడు.

పదిహేనో రోజుకు పువ్వు తయారైంది. చామంతి అంటే చామంతి, నలిగిన పురుగంటే పురుగు. మర్నాడు శ్యామ్‌సుందర్ ఆ చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఎవరు కుట్టిన్రు గిది?"

"మా ఇంటామె," అని నోరు జారాడు వెంకటనర్సయ్య.

హెడ్ క్లర్కు ఇంద్రసేన కూడా అయ్యో పాపమన్నాడు. గిట్లాంటి భార్యతో ఎట్లా వేగుతున్నవని ఒకరు, మా ఆమె దగ్గరికి పంపు, నేర్పిస్తదని ఒకరు. ఆయన్ని మాత్రం ఒక్కరూ ఒక్క మాట అనలేదు. చిరిగేది తన మోచెయ్యి, మాట పడేది ఆమె. ఇన్నేళ్ళూ ఇంతే జరిగిందని తోచి తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

"అబద్ధం చెప్పిన!" అని అరిచాడు. "నేనే కుట్టిన. పదిహేను దినాలు కూసుండి కుట్టిన!"

ఆఫీసు గొల్లుమంది.

సాయంత్రం ఉస్మాన్‌గంజ్‌లో ప్రభావతి ఆ పువ్వును వేలితో తడిమింది. షేర్వాణీ విప్పించి, దాని చెయ్యి లోపలివైపు తిప్పి ముడులు చూసింది.

"ఎవరన్న అడిగిన్రా?"

"అడిగిన్రు. ముందుగాల నువ్వు కుట్టినవని చెప్పిన."

ఆమె వేలు ఆగిపోయింది. ఆయన తల దించుకున్నాడు.

"మల్ల నేనే కుట్టిన అని చెప్పిన."

"నవ్విన్రా?"

"ఆఫీసు మూసేదాక నవ్విన్రు."

"రేపు గూడ గిదే తొడుక్కపోతరా?"

"ఔ. ఇంకొకటి యాడున్నది నాకు?" అన్నాడు విసుగ్గా. "రేపు గూడ నన్నే నవ్వుతరు, నిన్ను కాదు."

ప్రభావతి షేర్వాణీ ఆయన చేతికిచ్చింది. మూట కట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది.