చూస్తే తొంభైలాగే ఉంది

త్రినాథరావు జేబురుమాలు చేతికి చుట్టుకుని బోర్డు తుడుస్తున్నాడు. అంతకుముందు పాఠం చెప్పి వెళ్ళిన కెమిస్ట్రీ సారు డస్టరు ముట్టడు. తప్పు పడితే వేలు నాలిక్కి తగిలించి చెరిపేస్తాడు. చైతన్యపురిలోని ఆ కోచింగు సెంటరులో ఇది అందరికీ తెలుసు, ఎవరికీ ఏమీ అనిపించదు. త్రినాథరావు మాత్రం ఆ బోర్డును ఒట్టి చేత్తో ముట్టడు. కిటికీ తెరిస్తే కింద హాస్టలు మెస్సులో మాడిన నూనె కంపు, మూస్తే గదినిండా పిల్లల సాక్సుల కంపు. రోజూ ఏదో ఒక కంపు ఎంచుకోవాలి. ఇవాళ మూసే ఉంచాడు.

సన్నటి మనిషి. ఇస్త్రీ నలగని పొట్టిచేతుల చొక్కా, చెవుల మీద తెల్లటి వెంట్రుకలు. తణుకు నుంచి వచ్చి వనస్థలిపురంలో కాపురం పెట్టి సగం జీవితం గడిచిపోయింది. ఇన్నేళ్ళూ పదో తరగతి పిల్లలకు కోణాలే చెబుతున్నాడు. బండి దగ్గర టీ గ్లాసు అంచు చూస్తే అసహ్యం, చేయి కలిపేవాళ్ళంటే అసహ్యం, ఇంట్లో భార్య అరుణజ్యోతి చూసే సీరియళ్ళన్నా అసహ్యమే. "మీకు నచ్చేదేమైనా ఉందాండీ ఈ భూమ్మీద?" అని ఆవిడ అడిగి అడిగి మానేసింది.

ఒకటుంది. రెండు సమాంతర రేఖల మధ్య ఒక గీత మోచేయిలా వంగి ఉంటుంది. వంపు దగ్గర x ఎంతో తెలియదు. బొమ్మలో లేని గీత ఒకటి, ఆ వంపు గుండా, రేఖలకు సమాంతరంగా గీస్తే x రెండు ముక్కలవుతుంది. పై ముక్క పై రేఖ దగ్గరి కోణానికి సమానం, కింది ముక్క కింది రేఖ దగ్గరి కోణానికి సమానం. కలిపితే x వచ్చేస్తుంది. ఆ గీత గీసేటప్పుడు మాత్రం త్రినాథరావుకు ఏ కంపూ తెలియదు. "బొమ్మను నమ్మకండర్రా, కారణం రాయండి" అని ఏటా చెబుతాడు. రాసేవాళ్ళు ఏటా తగ్గుతున్నారు.

క్లాసు కాగానే డైరెక్టరు ధనరాజ్ పిలిపించాడు. గదిలో గుండ్రటి లైటు, స్టాండుకు తగిలించిన ఫోను సిద్ధంగా ఉన్నాయి.

"సార్, జర రీల్ చేద్దాం. పది సెకన్లల్ల x ఎట్ల దొరకాలె, గంతే. గీ పేపర్ మూల కోణం మీద పెట్టుండ్రి. కరెక్టుగ కూసుంటే తొంభై. తక్కువుంటే తొంభై, గా పైన ఆప్షన్లు కొట్టేయాలె."

"అది లెక్క కాదండీ. బొమ్మ సరిగ్గా గీస్తారని ఏముంది?"

"లెక్క మీరు క్లాసుల చెప్పుండ్రి సార్, ఎవలొద్దన్నరు? గిది అడ్మిషన్ల కోసం. మిమ్ముల బయటోళ్ళు గుర్తువట్టాలె గద."

వద్దనొచ్చు. అనలేదు. గట్టిగా వాదించడం కూడా త్రినాథరావుకు రోతే. మెడకు మైకు తగిలిస్తుంటే వీడియో తీసే కుర్రాడి వేళ్ళు చర్మానికి తగిలితే మెడ వెనక్కి లాక్కున్నాడు. ఎదురుగా బల్ల మీద అదే వంపు గీత బొమ్మ, పైనా కిందా అంకెలేవో ఉన్నాయి. ఆ దరిద్రం వంక చూడబుద్ధి కాలేదు. కాగితం మూల పెట్టాడు. సరిగ్గా కూర్చుంది. "తొంభై డిగ్రీలు" అని నవ్వాడు. నవ్వు బాగా రాలేదని ఇంకోసారి నవ్వించారు.

మర్నాడు మధ్యాహ్నం డౌట్ల గంటలో సాయిప్రియ వచ్చింది. సైదాబాద్ పిల్ల. ఈ ఏడాది క్లాసు మొత్తం మీద కారణాలు రాసేది ఆ పిల్లొక్కతే.

"సార్, మీ రీల్ల లెక్క ఇంటర్వెల్ల చేసిన. మొదలు నాకు తప్పొచ్చింది."

కాగితం చూశాడు. పైన ముప్ఫై ఎనిమిది, కింద నలభై ఆరు. వంపు గుండా అదనపు గీత గీసి, రబ్బరుతో చెరిపేసింది. దాని జాడ ఇంకా ఉంది. పక్కన ఎనభై నాలుగు కొట్టేసి, గుండ్రటి అక్షరాలతో తొంభై రాసింది.

 రీలు తీసేటప్పుడు తనకు చూడబుద్ధి కాని అంకెలు ఇవే.

"ఎనభై నాలుగే రైటమ్మా. ఎందుకు చెరిపావు?"

"మీరే తొంభై అన్నరు గద సార్."

"తప్పు చెప్పాను. నేను అంకెలు చూసుకోలేదు. ఆ గీత మళ్ళీ గియ్యి."

పిల్ల పెన్సిలు పక్కన పెట్టింది. ఫోను తీసి రీలు మళ్ళీ పెట్టింది. చిన్న తెర మీద త్రినాథరావు కాగితం మూల పెట్టి నవ్వాడు.

"కింద కామెంట్లల్ల అందరు కరెక్ట్ అంటున్నరు సార్. కాగితం గూడ సరిగ్గనే కూసుంది." ఆయన బాధపడతాడేమోనని మెల్లగా అంది. "తొంభైయే ఉంచుత సార్."

త్రినాథరావు ధనరాజ్ గదికి వెళ్ళి ఆ రీలు తీసేయమన్నాడు.

"ఎట్ల తీస్త సార్? మన రీళ్ళల్ల గింత మంది చూసింది గిదొక్కటే. ఆరు డిగ్రీలకు గింత పరేషాన్ ఎందుకు?"

ఇన్నేళ్ళు టీ గ్లాసుల మీద, ఉమ్ము వేళ్ళ మీద ఖర్చు పెట్టిన అసహ్యమంతా ఒక్కసారిగా తన మీదికే తిరిగింది. ముక్కు మూసుకుంటే పోయేది కాదది. మెట్లు దిగాడు. మెడలోని గుర్తింపు కార్డు తీసి వాచ్‌మన్ జానయ్య చేతిలో పెట్టాడు.

"ఇంకో క్లాసున్నది గద సార్?"

"ఉంది జానయ్యా. నేను చెప్పను."

ఎల్బీనగర్ వైపు వెళ్ళే బస్సు ఎక్కాడు. మళ్ళీ రాలేదు. రెండు రోజులకు కొత్త సారు వచ్చాడు, కుర్రాడు, రీళ్ళు బాగా చేస్తాడట. స్టాఫ్ రూములో ఏదో పులిసిన వాసన వస్తోందని అందరూ ముక్కులు మూసుకున్నారు. ఎక్కణ్ణుంచో వెతికేందుకు ఎవరికీ తీరలేదు. బీరువా పక్కన, గోడకు ఆనించి, అరుణజ్యోతి పెట్టిచ్చిన పెరుగన్నం డబ్బా ఉంది. తళతళలాడేలా తోమిన స్టీలు డబ్బా, మూత ఒకవైపు కొద్దిగా పైకి లేచి ఉంది.