గ్లాసు స్టవ్వు పగిలిన ఆదివారం

పదిన్నర కావస్తుండగా వంటింట్లో టపాసు పేలినంత చప్పుడైంది. ముందుగదిలో ఫోన్ మాట్లాడుతున్న రజని దాన్ని సోఫాలో పడేసి పరుగెత్తింది. వంటింటి గుమ్మం దాటలేక ఆగిపోయింది. గట్టు మీద, సింకులో, నేల మీద, కడిగి బోర్లించిన గిన్నెల మీద, ఎక్కడ చూసినా గాజు ముక్కలే. పటికబెల్లం పలుకులంత ముక్కలు, నల్లగా మెరుస్తున్నాయి. స్టవ్వుకు చట్రమూ మూడు బర్నర్లూ మాత్రమే మిగిలాయి. దాని ముందు తడిగుడ్డ పట్టుకుని బాలనాగమ్మ కొయ్యబారి నిలబడింది.

"అయ్యో, నా స్టవ్వు! ఏం చేసినవ్ నాగమ్మా?"

"నేనేం చెయ్యలే టీచరమ్మా! దాన్ని ముట్టనే లేదు. ఈ పక్క గట్టు తుడుస్తున్న. ఫట్‌మని పేలింది. నా గుండె ఇంకా కొట్టుకుంటుంది సూడు."

"దానంతట అదే పేలుతదా? ఇప్పుడే టీ దించి పోయిన. వేడి గ్లాసు మీద తడిగుడ్డ పెట్టినవ్, పగిలింది."

"పెట్టలే అంటున్న గదా! పది దినాల సంది కింద మసి పడుతుంది, జర ఎవరికన్నా చూపియ్యి అని నేను చెప్తనే ఉన్న. ఇన్నవా?"

"మసికి గ్లాసు పగుల్తదా? ఆరువేల రెండొందలు పెట్టి కొన్నం. మూడు నెలల జీతం ఆపుత. ఈ నెలది కూడా అండ్లనే."

రజని ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్త దేవరాజుకు బజారులో విత్తనాల దుకాణం ఉంది. బాలనాగమ్మ నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు ఊడ్చి తుడుస్తోంది. నెలకు రెండు వేలు. అదే వీధిలో ఇంకో రెండిళ్ళు కూడా చేస్తుంది. నాలుగేళ్ళలో ఆమె చేతిలో పగిలినవి ఒక గాజు గ్లాసు, ఒక పింగాణీ సాసరు. రెండూ పగిలిన రోజే తనే తెచ్చి చూపించింది.

 ఆమె ఎడమ మణికట్టు దగ్గర రెండు చోట్ల రక్తం చుక్కలు కట్టింది. కొంగుతో అద్దుకుంది. ఎవరి కాలికైనా గుచ్చుకుంటాయని ముక్కలన్నీ ఊడ్చి ఖాళీ బియ్యం సంచిలో పోసింది. చీపురు మూలన పెట్టి చెప్పులేసుకుంది.

"పోతున్న. జీతం ఆపే ఇంట్లో నేను చెయ్య."

గేటు కిర్రుమంది. రజని కోపంతోనే భర్తకు ఫోన్ చేసింది. దేవరాజు పొద్దున్నే కారు తీసుకుని గద్వాలలో చుట్టాల నిశ్చితార్థానికి వెళ్ళాడు. వెనక బాజాల మధ్య అతని మాట సగమే వినిపించింది.

"వారంటీ ఉండాలె చూడు! బీరువా సొరుగుల బిల్లు ఉంది!"

రజని సొరుగు మొత్తం మంచం మీద బోర్లించింది. కరెంటు బిల్లులు, టీకాల కార్డు, అడుగున స్టవ్వు బిల్లు. దానికి పిన్ను కొట్టిన కార్డు మీద చిన్న అక్షరాలు: గ్లాసుకు ఒక సంవత్సరం. ఆమె బిల్లు మీద తేదీ చూసింది, గోడ మీద క్యాలెండర్ చూసింది, మళ్ళీ బిల్లు చూసింది. సంవత్సరం సరిగ్గా ఈరోజుతో నిండుతోంది!

వనపర్తిలోని ఆ దుకాణానికి ఫోన్ చేస్తే సుమన్ అనే అతను ఎత్తాడు. "ఈరోజే ఆఖరు అయితే కంప్లైంట్ ఈరోజే ఎక్కియ్యాలె మేడం. ఆదివారం రెండింటి వరకే తెరిచి ఉంటం. స్టవ్వు తేవాలె, ముక్కలు తేవాలె. పగిలినప్పుడు దగ్గరున్న మనిషి కూడా రావాలె. ఎట్ల పగిలిందో మెకానిక్ అడుగుతడు."

దగ్గరున్న మనిషి! రజని వీధిలోకి ఉరికింది. అప్పటికి ఇంకో ఇంటి పని ముగించుకుని, బాలనాగమ్మ నాలుగిళ్ళ అవతల తను పనిచేసే మాలతి ఇంటి గేటు తీస్తోంది.

"నాగమ్మా! ఆగు! జల్ది రా, వనపర్తికి పోవాలె!"

"నేనెందుకు?"

"నువ్వు రాకుంటే రాసుకోరట! రెండింటి లోపల పోవాలె. నీ కాళ్ళు మొక్కుత, రా!"

బాలనాగమ్మ ఒక్క క్షణం ఆమె ముఖం చూసింది. ఇందాక జీతం ఆపుతానన్న మనిషి ఇప్పుడు నడివీధిలో చెప్పులు లేకుండా నిలబడి ఉంది. "మాలతమ్మా, ఇయ్యాల రాను!" అని లోపలికి కేకేసి వెనక్కి తిరిగింది.

స్టవ్వును పాత దుప్పట్లో మూటగట్టి, ముక్కల సంచీ బిల్లూ తీసుకున్నారు. చెరొక పక్క పట్టుకుని బస్టాండుకు దాదాపు పరుగే. వనపర్తి బస్సు అప్పటికే కదులుతోంది. బాలనాగమ్మ చేత్తో బస్సు రేకు మీద దబదబా బాదింది. ఆగింది. ఎక్కేసరికి ఇద్దరికీ ఊపిరాడలేదు.

కండక్టరు ఇద్దరికీ సున్నా టికెట్లు కొట్టి మూట వైపు చూశాడు. "గిదేంది?"

"స్టవ్వన్నా. దీనికి టికెట్ కొడతవా?" అంది బాలనాగమ్మ.

"ఆడమనిషైతే ఫ్రీ," అన్నాడతను. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. రజనికి నవ్వు రాలేదు. ఫోనులో టైము పన్నెండూ పది.

మూట ఇద్దరి మోకాళ్ళ మీదా ఉంది. బస్సు ఊరు దాటాక రజని వంగి మెల్లగా చెప్పింది. "అక్కడ అడిగితే, దానంతట అదే పగిలిందని చెప్పు. తడిగుడ్డ ముచ్చటే తీయకు."

బాలనాగమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత ఒక్కసారిగా ఇటు తిరిగింది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

"ఒక్కటి చెప్పు టీచరమ్మా. ఆడ దానంతట అదే పగిలితే, ఈడ నేనెట్ల పగలగొట్టిన?"

 ముందు సీట్లో మిరపకాయల గంప పెట్టుకున్న నర్సమ్మ అనే ముసలామె మొత్తం వెనక్కి తిరిగి కూర్చుంది.

"అదేంది బిడ్డా, సంగతేంది?"

"చూడు పెద్దమ్మా! ఇంట్ల నేనే పగలగొట్టిన అంటది, మూడు నెలల జీతం కోస్త అంటది. దుకాణంల మాత్రం దానంతట అదే పగిలిందని చెప్పాలెనట!"

"రెండు తీర్లు ఎట్లయితదమ్మా?" అని నర్సమ్మ రజనినే అడిగింది. పక్క వరుసలో ఇద్దరు తలలు ఊపారు. రజని ముఖం ఎర్రబడింది. రోజూ పిల్లల లెక్కల్లో తప్పులు పట్టే మనిషి లెక్కలోని తప్పు ఇప్పుడు బస్సంతటికీ కనబడుతోంది.

అంతలో బస్సు ఆగిపోయింది. రైలు గేటు పడింది. పన్నెండూ యాభై. ఒక గూడ్సు బండి వచ్చింది, పెట్టెలు లెక్కపెట్టలేనంత పొడవు. అది పోయినా గేటు లేవలేదు. ఇంకో బండి ఉందన్నాడు డ్రైవరు. రజని లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది.

"నాగమ్మా, నాకు పరేషాన్ అవుతుంది. జీతం ఆపను, సరేనా? చెప్పమన్నట్టు చెప్పు."

"గట్ల కాదు. పైసల కాడికే కాదు. నేను పగలగొట్టిన్నా లేదా? అది చెప్పు."

"నేను చూడలే."

"చూడకుండ ఎట్లన్నవ్ మరి?"

 బస్సులో చెమట వాసన, మిరపకాయల ఘాటు. రెండో రైలు కూత దూరంగా వినబడింది. చివరికి రజనే గొంతు సర్దుకుంది.

"సరే, విను. మనమిద్దరం అనుకునుడు వద్దు. మెకానిక్ చూస్తడు. నీ తప్పని చెప్తే సగం నువ్వు పెట్టుకో, నెలకింత. స్టవ్వు తప్పని చెప్తే నీ జీతం మొత్తం ఇస్త, నీ మాట నమ్మనందుకు తప్పు ఒప్పుకుంట."

"ఒప్పుకున్న," అంది బాలనాగమ్మ వెంటనే. "కానీ నేను ఉన్నదున్నట్టే చెప్త. గుడ్డ చేతిల ఉండె. అది కూడా చెప్త."

"అయ్యో, అది చెప్తే..."

"చెప్త!"

నర్సమ్మ పకపకా నవ్వింది. రైలు దడదడలాడుతూ దాటిపోయింది. గేటు లేచింది. బస్సులో అందరూ ఒక్కసారే "పోనియ్, పోనియ్!" అని అరిచారు. సంగతి తెలిసిన వాళ్ళు, తెలియని వాళ్ళు కూడా.

వనపర్తిలో దిగేసరికి ఒకటీ నలభై. ఆటో ఎక్కారు. సందులో పెళ్ళి ఊరేగింపు అడ్డం వచ్చింది. దిగి పరుగెత్తారు. స్టవ్వు మూట ఇద్దరి మధ్య ఊగుతోంది, బియ్యం సంచిలో గాజు గలగలమంటోంది. మలుపు తిరగగానే దుకాణం కనబడింది. సుమన్ కొక్కెంతో షట్టరు కిందికి లాగుతున్నాడు!

"ఆగన్నా! ఆగు!"

"బంద్ అయింది, రేపు రండి," అన్నాడు తిరగకుండానే. షట్టరు నడుము దాకా దిగింది.

బాలనాగమ్మ మూటను రజని చేతిలోంచి లాక్కుని, వంగి, సరిగ్గా షట్టరు కిందికి తోసింది. చట్రం ఠంగున గడప మీద కూర్చుంది. షట్టరు దాని మీద ఆగిపోయింది.

"రెండు కాలే. ఒకటీ యాభై. ఫోన్ల చూసుకో."

సుమన్ చూసుకున్నాడు. తర్వాత వాళ్ళిద్దరినీ చూశాడు. చెమటతో తడిసిన చీరలు, ఊడిపోయిన జడలు, దుప్పటి మూట. నవ్వాపుకుంటూ షట్టరు పైకెత్తి, "జంగన్నా, ఇటు రా!" అని పిలిచాడు.

మెకానిక్ జంగయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి. ముందు ముక్కల సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూశాడు. "పగిలినప్పుడు ఎవరున్నరు?"

"నేను," అంది బాలనాగమ్మ. ఎక్కడా ఆగకుండా చెప్పింది. "టీచరమ్మ టీ దించి పోయింది. పొయ్యి బంద్ చేసి రెండు నిమిషాలు కాలే. చేతిల తడిగుడ్డ ఉండె. పక్క గట్టు తుడుస్తున్న. స్టవ్వును ఇంకా ముట్టలే. ముందు కింద నుంచి టిక్కుమని చిన్న చప్పుడు, మల్ల ఫట్‌మని పేలింది. గంతే."

తడిగుడ్డ మాట రాగానే రజని కళ్ళు మూసుకుంది. సుమన్ పెన్ను ఆపి జంగయ్య వైపు చూశాడు.

జంగయ్య స్టవ్వును బల్ల మీద తలకిందులుగా పెట్టాడు. టార్చి వేశాడు. వేలితో లోపల రాసి, వేలు ఎత్తి చూపించాడు. నల్లటి మసి. "ఇది ఈరోజుది కాదు," అన్నాడు. పెద్ద బర్నరుకు వచ్చే గొట్టాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని కదిపాడు. అది వదులుగా ఊగింది.

"చూసిన్రా? ఇది గట్టిగుండాలె. తయారు చేసినకాడనే సరిగ్గ బిగియ్యలే. గ్యాసు కిందికెళ్ళి కొంచెం కొంచెం అంటుకుంటుంది. గ్లాసు అడుగు నుంచి కాలి కాలి పేలింది. గుడ్డ పెట్టినా పెట్టకున్నా ఇది ఇయ్యాలో రేపో పేలేదే. ఇంకో వారం గిట్లనే వాడి ఉంటే గ్లాసుతోని పోయేది కాదు, ఇల్లే అంటుకునేది."

"మరి రాసుకుంటరా?" రజని బిల్లు ముందుకు చాపింది.

"రాసుకుంటం. స్టవ్వే మారుస్తరు." సుమన్ కంప్యూటరులో ఎక్కించి రసీదు తీశాడు. దాని మీద టైము ఒకటీ యాభై ఏడు. నాలుగు రోజుల్లో కొత్తది వస్తుందట.

"యాభై ఏడు!" అని బాలనాగమ్మ అరిచింది. రజని ఆమె భుజాలు పట్టుకుని ఊపేసింది. ఇద్దరూ నడిదుకాణంలో చిన్నపిల్లల్లా నవ్వారు. జంగయ్య తల అడ్డంగా ఆడిస్తూ లోపలికి వెళ్ళిపోయాడు.

మెట్ల మీదికి వచ్చాక రజని ఆగింది. ఆమె చూపు బాలనాగమ్మ మణికట్టు మీద పడింది. రక్తం ఎండి రెండు నల్లటి గీతలు కట్టింది.

"ఇదెప్పుడైంది?"

"పేలినప్పుడే."

రజని ఆ చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. పొద్దున స్టవ్వు ఎంతకు కొన్నామో చెప్పింది గాని, దెబ్బ తగిలిందా అని అడగలేదు. పర్సు తీసి ఈ నెల జీతం, నాలుగు ఐదువందల నోట్లు, బాలనాగమ్మ చేతిలో పెట్టింది.

"నాదే తప్పు నాగమ్మా. చూడకుండ అన్న. నువ్వు పది దినాలు చెప్పినా ఇన్లే. ఆ మంట అంటుకుని ఉంటే ముందు నువ్వే ఉంటివి ఆడ."

బాలనాగమ్మ నోట్లు మడిచి జాకెట్లో దోపుకుంది. "ఇగ ఏదన్నా పగిలితే ముందు అడుగు. తర్వాత అను. గంతే నేను చెప్పేది."

"అడుగుత."

"ఇంకొకటి. మూడిండ్లల్ల నాకు ఒక్క ఆదివారం లేదు. నెలకు రెండు ఆదివారాలు నేను రాను. జీతం కొయ్యొద్దు."

రజని విస్తుపోయి చూసింది. ఈ ముచ్చట స్టవ్వుది కాదు! కాని నాలుగేళ్ళలో ఆమె సెలవడగడం ఇదే మొదటిసారి. తనకైతే ప్రతి ఆదివారం సెలవే. నవ్వేసింది. "సరే, రెండు. మాలతికి, ఆ మూడో ఇంటికి కూడా నేనే చెప్త."

అప్పటికప్పుడు ఫోన్ తీసింది. మాలతి ముందు "ఆదివారాలా?" అని సాగదీసింది. రజని వదల్లేదు. స్టవ్వు, మసి, రైలు గేటు, షట్టరు అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేసరికి అవతల నుంచి నవ్వు వినబడింది. "సరే, మా ఇంట్ల కూడా రెండు!"

ఇద్దరికీ అప్పుడు ఆకలి తెలిసింది. బస్టాండు ముందు బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీలు కాగితంలో కట్టించుకున్నారు. రజని పైసలిస్తుండగానే ఆత్మకూరు బస్సు బస్టాండులోకి తిరిగింది. జనం తలుపు మీద పడ్డారు.

"నువ్వు బజ్జీలు పట్టుకురా టీచరమ్మా!" అంటూ బాలనాగమ్మ కొంగు నడుముకు చుట్టుకుని ఉరికింది. ఇంకా ఆగని బస్సు పక్కనే పరుగెడుతూ, మునివేళ్ళ మీద ఎగిరి, కిటికీలోంచి తన చెమట తుడుచుకునే దస్తీ సీటు మీదికి విసిరింది.

"దొరికింది! రెండు సీట్లు! కిటికీ పక్కది నాది!"