మార్చి చూద్దాం

బల్ల కింద మోకాళ్ళ మీద వంగి అతను టెస్టరు మొనను గోడ సాకెట్టులో దూర్చి, పిడి చివర బొటనవేలు ఆనించాడు. లోపల ఎర్రటి చుక్క వెలిగింది. వేలు తీస్తే ఆరింది. ఆనిస్తే వెలిగింది. గోడలో తప్పు లేదు. జబ్బు వెతికేటప్పుడు ముందు గోడను అనుమానించాలి, ఆ తరవాత తీగను, ఆ తరవాత పెట్టెను, అన్నీ అయ్యాక మనిషిని. పంతొమ్మిదేళ్ళుగా ఆ మూడంతస్తుల ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేస్తూ అతను నేర్చుకున్న చదువంతా ఆ ఒక్క మాట. ఏడో తరగతితో బడి మానేసినవాడికి అంతకన్నా పెద్ద చదువు దొరకదు. దొరికినా ఎవరూ కాగితం మీద రాసివ్వరు.

"అన్నయ్యా, ఉన్నారా? అక్కడే కునుకు తీశారా?" పైనుంచి అడిగింది టైపిస్టమ్మ.

"ఉన్నానమ్మా. కాళ్ళు కాస్త పక్కకి పెట్టు."

ఆమె పాదాలు ఎత్తి కుర్చీ అడ్డకర్ర మీద పెట్టుకుంది. బల్ల కింద అరిగిన చెప్పుల జత, ఎప్పుడో పడిపోయిన గుండుసూదులు, వెంట్రుకలు చుట్టుకున్న దుమ్ము. ఆ మసక చీకట్లో అతని ఎడమ కంటి చివర తెల్లటి గీత ఒకటి చటుక్కున మెరిసి మాయమైంది. అది సాకెట్టులో లేచిన నిప్పురవ్వ అయితే బాగుండును అనుకున్నాడు. లోకంలో అందరూ నిప్పురవ్వ అంటే హడలిపోతారు. అతను రవ్వే అయితే చాలు దేవుడా అనుకున్నాడు.

నడుం పట్టుకుని లేచాడు. యాభై ఒకటి నిండిన మనిషి. బక్క ఒళ్ళు, సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు, సోల్డరింగు చురకలకు నల్లబడిన బొటనవేలు, స్క్రూడ్రైవరు పొడిచి పొడిచి అడుగు ఊడిన చొక్కా జేబు. ఆఫీసులో అతని పేరు ఎవరికీ గుర్తులేదు. ఏం చెడినా "మార్చి చూద్దాం" అంటాడు గనక అదే పేరైపోయింది. మంచి తీగ తెచ్చి పెట్టి చూస్తాడు. జబ్బు పోకపోతే మంచి పెట్టె తెచ్చి పెట్టి చూస్తాడు. ఏది మార్చినప్పుడు జబ్బు పోయిందో, జబ్బు దానిదే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండూ ఒకేసారి మారిస్తే దొంగ ఎవరో తేలదు.

పుట్టినవాళ్ళకీ పోయినవాళ్ళకీ పత్రాలిచ్చే గది అది. కిటికీ అవతల అయిదారుగురు నిలబడి ఉన్నారు.

"చూడండి, ఆడుతోందిగా. నిన్నటినుంచి ఇదే వరస. సాయంత్రానికి తల రెండు చెక్కలవుతోంది," అందామె.

తెర ఒక్కసారి నల్లబడి, తెల్లబడి, చలిజ్వరం వచ్చినట్టు వణికి నిలబడింది. ఆమె చూసింది, అతనూ చూశాడు. ప్రాణం కాస్త కుదుటపడింది. అంతలోనే, తెర నిలకడగా ఉన్నప్పుడే, ఎడమ పక్కన ఆ తెల్లటి గీత మళ్ళీ మెరిసింది. ఈసారి ఆమె ఏమీ అనలేదు.

అతనికి అయిదు రోజులుగా ఇదే. మొదట కళ్ళ ముందు మసి నుసిలాంటి చుక్కలు తేలాయి. కళ్ళద్దాలకు దుమ్ము పట్టిందని సబ్బుతో కడిగాడు. చుక్కలు అలాగే ఉన్నాయి. ఆ తరవాత మెరుపులు. తెరలతో పని చేసేవాడికి మెరుపులేం కొత్త అని సర్దిచెప్పుకున్నాడు. ఒక్క కన్ను మూసి రెండో కంటితో చూస్తే, తరవాత ఆ కన్ను మూసి ఈ కంటితో చూస్తే, దొంగ ఎవరో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంకెవరైనా ఆ పని చెయ్యకుండా అయిదు రోజులు కూర్చుంటే అతనే తిట్టి ఉండేవాడు. కానీ తీగకు వేరే తీగ ఉంది, పెట్టెకు వేరే పెట్టె ఉంది. కంటికి ఏం తెచ్చి పెడతాడు? అందుకని పరీక్షే పెట్టుకోలేదు. ముఖం కడుక్కునేటప్పుడు కూడా రెండు కళ్ళూ కలిపి మూసి, కలిపి తెరుస్తున్నాడు.

ఆ పొద్దున ఇంటావిడ చీర అంచు కుట్టుకుంటూ సూదీ దారం చాపింది. "కాస్త ఎక్కించి పెట్టండి, నాకు ఆనడం లేదు."

"ఆఫీసుకి టైమైపోతోంది."

"సూదిలోకి దారం పోవడానికి కూడా అర్జీ పెట్టుకోవాలా మీకు?" అని నవ్విందావిడ. అతను నవ్వలేదు. చెప్పులు కాళ్ళతో తడిమి తొడుక్కుని, గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

అతని భయం ఉత్త కంటి భయం కాదు. దానికొక కుర్చీ ఉంది, అందులో ఒక మనిషి ఉన్నాడు. అతని నాన్న చేతిగడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం బిగించుకుని, ఆవగింజంత స్క్రూలతో మాట్లాడుతున్నట్టు పనిచేసేవాడు. ఒక ఏడాది ఉన్నట్టుండి కొడుకుని పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాడు. "ముల్లు కదులుతోందా చూడరా" అనేవాడు. "సరిగ్గా చూడు, పన్నెండు దగ్గర ఆగుతోందా?" అనేవాడు. నాన్న తనకు పని నేర్పుతున్నాడని పిల్లవాడు మురిసిపోయాడు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం, ఎండ గుమ్మంలో దుప్పటిలా పరుచుకుని ఉండగా, నాన్న తలెత్తి "దీపం ఎవరు తగ్గించార్రా?" అన్నాడు. ఆ తరవాత పదిహేనేళ్ళు కుర్చీలో కూర్చుని బల్ల అంచు తడుముతూ బతికాడు. బడి మానేసి కొడుకు ఆ బల్ల ముందుకు వచ్చాడు. గడియారాలు పోయి రేడియోలు వచ్చాయి, రేడియోలు పోయి టీవీలు వచ్చాయి, అవీ పోయి ఇవి వచ్చాయి. బల్ల మారింది, కుర్చీ మారింది. అతని గుండెల్లో ఆ మనిషి మాత్రం అలాగే కూర్చుని ఉన్నాడు.

టైపిస్టమ్మ ముద్ర కోసం సొరుగు లాగింది. తెర గంతేసింది. ఆమె సొరుగు మూసింది. మళ్ళీ గంతేసింది.

"మళ్ళీ లాగమ్మా."

లాగింది. తెర నల్లబడి తేరుకుంది. అతను బల్ల వెనక చెయ్యి పెట్టి తడిమాడు. తెరకు వెళ్ళే కేబులు సొరుగు వెనకనుంచి జారి, సొరుగు మూసుకున్నప్పుడల్లా అందులో నలుగుతోంది. ఒకచోట తొడుగు చిట్లి, లోపలి తీగలు ఎలుక కొరికినట్టు తేలి ఉన్నాయి.

"నీ సొరుగే దీని పీక నొక్కుతోంది," అన్నాడు.

"అయితే హంతకురాల్ని నేనేనా?" అందామె.

సంచిలోంచి మంచి కేబులు తీసి, సొరుగుకు దూరంగా బల్ల కాలు వెంబడి నడిపించి బిగించాడు. ఆమె సొరుగు నాలుగుసార్లు లాగి మూసింది. తెర రాయిలా నిలబడింది.

"పోయింది. బతికించారు."

పని అయిపోయినట్టే. ఇంకే రోజైనా అయితే సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. కానీ తెర ఎడమ అంచున గీత ఇంకా మెరుస్తూనే ఉంది. ఒకటి. కాసేపాగి ఇంకొకటి.

"ఇప్పుడు ఆడుతోందా?" అన్నాడు.

"లేదే."

"సరిగ్గా చూడమ్మా. ఎడమ పక్క."

"ఎడమ పక్కా లేదు, కుడి పక్కా లేదు. అయినా ఎదురుగా నిలబడి మీరు నన్నడుగుతారేం?"

ముల్లు కదులుతోందా చూడరా. నాన్న పని నేర్పలేదు. అప్పు తెచ్చుకున్నట్టు కొడుకు కళ్ళు తెచ్చుకున్నాడు. ఆ సంగతి తెలియడానికి అతనికి ముప్పై తొమ్మిదేళ్ళు పట్టింది.

అటెండరు టీ గ్లాసులతో లోపలికి వచ్చాడు. వచ్చే ఏడాది ఉద్యోగం నుంచి దిగిపోయే పెద్దాయన, నోరు మాత్రం ఇంకా పడుచుదే. "ఏం గురూ, మార్చేశావా? మా ఇంట్లో ఆవిణ్ణి కూడా ఓసారి మార్చి చూడరాదూ?"

"ఆవిడా అదే అడిగిందట, మీ గురించి," అంది టైపిస్టమ్మ. కిటికీ అవతలివాళ్ళు కూడా నవ్వారు.

"విప్పాలి," అన్నాడతను ఆ నవ్వు మధ్యలో. "లోపల పవర్ బోర్డు అనుమానంగా ఉంది."

"బాగుందంటుంటే విప్పడమేంటి అన్నయ్యా? బయట జనం ఉన్నారు."

"రేపు మళ్ళీ నన్నే పిలుస్తావు. పది నిమిషాలు." ఆమె బదులు చెప్పేలోపే తెరను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఛాతీకి ఆనించుకుని నడవాలోకి నడిచాడు.

మెట్ల కింద ఉంది అతని గది. ఒక బల్ల, మెడ వంచిన దీపం, చిల్లర సామాన్ల డబ్బాలు, పాత తెరల దొంతర. తెరను బోర్లా పడుకోబెట్టి, చార్జి దిగేదాకా ఆగి, అంచుల్లో ప్లాస్టిక్కు పట్టీ దూర్చి తొడుగు ఊడదీశాడు. వేళ్ళకు దారి తెలుసు గనక పని సాగింది. కళ్ళను నమ్ముకుని ఉంటే సాగేది కాదు. బోర్డు మీద కరెంటు దాచుకునే చిన్న డబ్బీల్లాంటి కెపాసిటర్లు నాలుగు వరసగా నిలబడి ఉన్నాయి. జబ్బుపడితే వాటి తలలు బూరెల్లా ఉబ్బుతాయి, గోధుమరంగు చీము కారుస్తాయి. ఒక్కొక్కదాని తల మీద వేలు పెట్టి రాశాడు. చదునుగా ఉన్నాయి. రెండోసారి రాశాడు. నాలుగింటిలో ఒక్కటి ఉబ్బి ఉండకూడదా? ఒక్కటంటే ఒక్కటి. పరాయివాడి చావు కోరుకున్నట్టు కోరుకున్నాడు.

ఏదీ ఉబ్బలేదు. అయినా రెంటిని పీకాడు. మంచి సరుకును బోర్డు మీదనుంచి ఊడబెరకడం ఇన్నేళ్ళలో అదే మొదలు. కొత్తవి గుచ్చి సోల్డరింగు పెట్టేటప్పుడు మొన జారి చూపుడువేలు కాలింది. వేలు నోట్లో పెట్టుకుని, ఇంకో చేత్తో మరలు బిగించాడు. తెర నిలబెట్టి, తన పాత పెట్టెకు తగిలించి, ప్లగ్గు పెట్టాడు.

గుమ్మంలో టైపిస్టమ్మ. "అన్నయ్యా, బయట జనం గొణుగుతున్నారు."

"ఒక్కసారి చూసి చెప్పమ్మా."

ఆమె లోపలికి వచ్చి చూసింది. "అద్దంలా ఉంది. ఇంకేం కావాలి మీకు?"

గీత మెరిసింది. అతను వంగి గోడలోంచి ప్లగ్గు లాగేశాడు. తెర ఆరిపోయింది. నల్లటి గాజులో గుమ్మం, ఆమె చీర, దీపం, తన కళ్ళద్దాలు. వాటి ఎడమ పక్కన, ఏ కరెంటూ లేని చోట, తెల్లటి గీత మెరిసింది. ఆగింది. మళ్ళీ మెరిసింది.

"ఇప్పుడు?" అన్నాడు.

"ఇప్పుడేంటి అన్నయ్యా?" అందామె నెమ్మదిగా. "ప్లగ్గు మీ చేతిలోనే ఉంది."

ప్లగ్గు బల్ల మీద పెట్టాడు. గోడ అయిపోయింది, తీగ అయిపోయింది, పెట్టె అయిపోయింది. ఎడమ కంటి మీద అరచెయ్యి కప్పాడు. గది కడిగినట్టుగా ఉంది. చుక్కల్లేవు, మెరుపుల్లేవు. గుమ్మంలో నిలబడ్డ మనిషి, ఆమె చేతిలో మూత తియ్యని పెన్ను, అన్నీ ఉన్నచోట ఉన్నాయి. ఆ చెయ్యి తీసి కుడి కంటికి మార్చాడు. మార్చడానికి చాలాసేపు పట్టింది.

కిందినుంచి బూడిదరంగు తెర ఒకటి లేచి నిలబడి ఉంది. ఆమె గడ్డం దాకా అందులో మునిగిపోయింది. పైన కళ్ళు మాత్రం ఉన్నాయి, వంకరగా, నీళ్ళలోంచి చూసినట్టు.

"సగం లేవమ్మా నువ్వు," అన్నాడు.

ఆమెకు అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. "ఎన్నాళ్ళనుంచి?"

"అయిదు రోజులు."

ఆమె తిట్టలేదు. అటెండర్ని కేకేసింది. పెద్దాయన ఆటో పిలిచి వచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "నడవగలను" అనబోయిన అతను ఆఫీసు ముందు మూడో మెట్టు దగ్గర గాల్లో అడుగు వేశాడు. అటెండరు పడనివ్వలేదు. దారిపొడుగునా ఒక్క జోకూ వెయ్యలేదు. అది అతన్ని మెరుపులకంటే ఎక్కువ భయపెట్టింది.

కంటాసుపత్రిలో డాక్టరమ్మ అతని కనురెప్ప పైకెత్తి పట్టుకుని దీపం వేసి చాలాసేపు చూసింది. లోపలి పొర చిరిగి ఊడి వచ్చిందని చెప్పింది. "మొదటి రోజే వచ్చుంటే చిరుగు చుట్టూ లేజరు కొట్టి ఆపేవాళ్ళం. ఒక కన్ను మూసుకుని చూసుకోలేదా?"

"లేదండి."

"ఎందుకని?"

రెండు ఆపరేషన్లు చేశారు. ఎడమ కంట్లో వెలుతురు మిగిలింది, చూపు మిగల్లేదు. కుడి కంటికి కూడా ముందుజాగ్రత్తగా లేజరు కొట్టి, బరువులెత్తొద్దని, సన్నపని చెయ్యొద్దని చెప్పి పంపారు. అతను మళ్ళీ ఆ ఆఫీసు మెట్లెక్కలేదు. మెడలో కార్డు వేలాడేసుకున్న కొత్తాయన కంపెనీ తరఫున వచ్చాడు. ఆయన దేన్నీ మార్చి చూడడు. పాతది పట్టుకుపోయి కొత్తది పెడతాడు.

నెలాఖరున ఇంటావిడ వచ్చి సామాను సంచి, చెప్పుల జత, కంచం తీసుకుపోయింది. పత్రాల గదిలో తెర ఆ రోజునుంచీ ఒక్కసారి కూడా ఆడలేదు. మెట్ల కింద గదిలో, మెడ వంచిన దీపం కింద, మడత పెట్టిన కాగితం మీద రెండు పాత కెపాసిటర్లు పక్కపక్కనే పడి ఉన్నాయి, తలలు చదునుగా, కాళ్ళు తిన్నగా, ఏ జబ్బూ లేకుండా.